రాగి రేకుకు 8 ఎం.ఎం. హోలు: స్పీడు ఎంత మార్చినా మూడు మూలలే

స్టీమ్ ఇంజిన్ మోడల్ మళ్లీ బాయిలర్ మూత దగ్గరే ఆగింది, చిరాకుగా ఉంది. అల్యూమినియం ఫ్లైవీల్ అయిపోయింది: 6 ఎం.ఎం. బిట్టు, 2800 ఆర్‌పీఎం, కాస్త కిరోసిన్. ఇత్తడి సిలిండర్ కూడా కుదిరింది, బిట్టు పదునును ఆయిల్ స్టోన్‌తో కొంచెం చంపితే ఇత్తడి గుంజుకోదు.

రాగిదే తంటా అంతా. మూతకు పెట్టేది 1.5 ఎం.ఎం. రేకు, ఎర్రగా కాల్చి మెత్త చేసింది, దానికి 8 ఎం.ఎం. బుష్ (మధ్యలో రంధ్రమున్న చిన్న గుండ్రటి ముక్క) పట్టాలి. హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్టుతో రాగికి బిట్టు అంచు వేగం నిమిషానికి 30 మీటర్లు అనుకుంటే లెక్క దాదాపు 1200 ఆర్‌పీఎం వస్తుంది, నా బెంచ్ డ్రిల్ పుల్లీల్లో దానికి దగ్గరున్నది 1400. ఆ స్పీడులో రేకు బిట్టు వెంట పైకి లేచింది, బిట్టును పట్టుకునే చక్కు ఆగిపోయింది, హోలు మూడు మూలలుగా వచ్చింది. 800లో కిచకిచ తగ్గింది గాని మూలలు పోలేదు. 450లో ఇంకాస్త గుండ్రంగా వచ్చింది, కానీ బిట్టు అవతలికి దాటే చోట అంచు చిరిగి బర్ (గరుకు అంచు) లేచింది.

ఇంకో తిరకాసు కొలతది. వెర్నియర్ ఎటు తిప్పినా 8.3 చూపిస్తుంది, చూసేవాళ్లు గుండ్రంగానే ఉందనుకుంటారు. మూడు మూలల హోలుకు అడ్డం కొలత అన్ని వైపులా ఇంచుమించు ఒకటే వస్తుంది కాబట్టి ఇక్కడ వెర్నియర్‌ను నమ్మొద్దు. 8.0 రాడ్డు ముక్క దూర్చి లైటుకు పట్టి చూడండి, మూడు చోట్ల వెలుతురు కనబడుతుంది. సిల్వర్ బ్రేజింగ్‌కు (వెండి కలిసిన లోహం కరిగించి అతికించడానికి) బుష్‌కూ హోలుకూ మధ్య సందు 0.1 ఎం.ఎం. దగ్గర ఉండాలి, లేకపోతే ఆవిరి లీకే.

యాసంగిలో బోర్లు నడిచే టైంలో మా దేవరకొండ వైపు వోల్టేజ్ 190కి పడుతుంది, అప్పుడు మోటారు బలం మూడో వంతు దాకా తగ్గుతుంది. చక్కు ఆగడానికి అది కారణం కావచ్చు, మూలలకు మాత్రం కాదు. నా అనుమానం బిట్టు మొన మీదే. 118 డిగ్రీల మొన 8 ఎం.ఎం. బిట్టుకు 2.4 ఎం.ఎం. పొడవుంటుంది, రేకేమో 1.5. పూర్తి సైజు లోపలికి దిగకముందే మొన అవతల తేలుతుంది, ఇక బిట్టును మధ్యలో పట్టుకునేది ఏమీ లేక ఊగుతుంది. నేను వాడేది అడిసన్ కంపెనీది, పదును బాగా నిలుస్తుంది, నాకు ఇష్టమైన బిట్టు, కానీ పలచటి రేకు మీద ఈ మొన ఏ కంపెనీదైనా అంతే. లేత్ షాపు అన్న ముందు 5 ఎం.ఎం. పైలట్ (దారి చూపే చిన్న హోలు) వేయమన్నాడు, నేను ఒప్పుకోను, ఆ ఉన్న కాస్త పట్టు కూడా పోయి ఇంకా గుంజుతుంది.

నిన్న రేకును రెండు 12 ఎం.ఎం. ప్లైవుడ్ ముక్కల మధ్య సి-క్లాంపులతో బిగించి, కొబ్బరి నూనె వేసి 800లో దింపితే 8.15 వచ్చింది, సందు ఒక్క వైపే మిగిలింది. దారి ఇదే అనిపిస్తోంది. ఈసారి అదే ప్లైవుడ్‌లో 7.8 వేసి, చేతి రీమర్‌తో (హోలును కొద్దికొద్దిగా గీకి సైజుకు తెచ్చే పనిముట్టు) 8కి తెస్తా. సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లినప్పుడు మంచి స్టెప్ బిట్టు (మెట్లు మెట్లుగా సైజు పెరిగే బిట్టు) కూడా తేవాలి, చవక రకం వద్దు, మెట్ల సైజులే సరిగ్గా ఉండవు. మూత కుదిరితే వెంటనే ఫైర్ ట్యూబుల (బాయిలర్‌లో వేడి గాలి పోయే గొట్టాల) 6 ఎం.ఎం. హోల్స్ మొదలుపెడతా.