నాలుగు వాయిదాలు, వణికే చెయ్యి

41వ ప్రశ్న జవాబును 42వ వరుసలో దిద్దానని నాకు 58 దగ్గర తెలిసింది. అంటే అప్పటికి పదిహేడు పద్దెనిమిది బబుల్స్ తప్పు. రాస్తున్నది ఉత్త మాక్ టెస్టే. అయినా అరచేతి చెమటకు, జవాబుల బబుల్స్ దిద్దే ఓఎంఆర్ షీట్ మూల తడిసి ముడుచుకుపోయింది. మిగతా ప్రశ్నలు చదువుతుంటే అక్షరాలు కనబడుతున్నాయి గానీ ఒక్క ముక్క తలకెక్కడం లేదు. గంట ముందే లేచి బయటికొచ్చేశాను.

ముందే చెప్తున్నా, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం పెట్టే గ్రూప్-2 పరీక్షలో నాకు పోస్టు రాలేదు. ఇది ర్యాంకర్ ఇచ్చే సలహా కాదు. టెన్షన్‌తో రెండేళ్లు కుస్తీ పట్టిన మనిషి చెప్పే సంగతి.

తెలంగాణ గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబర్‌లో వచ్చింది. 783 పోస్టులకు ఐదున్నర లక్షల దరఖాస్తులు. పరీక్ష మొదట 2023 ఆగస్టు 29, 30 అన్నారు. తర్వాత నవంబర్, ఆ తర్వాత 2024 జనవరి, మళ్లీ ఆగస్టు. చివరికి డిసెంబర్ 15, 16న జరిగింది. వాయిదా పడ్డ ప్రతిసారీ అందరితో పాటు నేనూ తిట్టుకున్నాను. కానీ ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపట్టేది. మూడో రోజుకు హైదరాబాద్‌లో కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో నా రూమ్ అద్దె గుర్తొచ్చి మళ్లీ గుండె దడ మొదలు. లోలోపల వాయిదా పడాలని మొక్కుకున్నవాళ్లలో నేనూ ఉన్నానని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. నా భయం సిలబస్ గురించి కాదు, హాల్లో కూర్చోవడం గురించి. తప్పించుకున్న కొద్దీ అది బలిసింది.

అమ్మ ప్రతి ఆదివారం ఫోన్ చేసి "పరీక్ష ఎప్పుడు బిడ్డా?" అనేది. మూడోసారి వాయిదా అని చెబితే, "మొన్న గూడ గట్లనే అంటివి గదా" అంది. అమాయకంగానే అడిగింది పాపం. నాకే గుచ్చుకుంది. కొన్నాళ్లు ఫోన్ ఎత్తడం మానేశాను.

టెన్షన్ తగ్గాక చదువుదాం అనుకోవడం నేను చేసిన పెద్ద పొరపాటు. దాన్ని తగ్గించుకోవడానికని మోటివేషన్ వీడియోలు, రోజుకు ఏడు టీలు, టెలిగ్రామ్‌లో ఎన్ని మార్కులకు పోస్టు వస్తుందనే కటాఫ్ చర్చలు. ఇంకా పేపర్ కూడా రాయని పరీక్షకు కటాఫ్ లెక్కలేమిటో! ఆ గ్రూపులన్నీ వదిలేశాను. టీ రెండుకు తెచ్చాను, సాయంత్రం అసలు లేదు. నిద్ర కొంత దారికొచ్చింది.

అసలు పని చేసింది ఆదివారాలే. పొద్దున 10 నుంచి 12.30, మధ్యాహ్నం 3 నుంచి 5.30, పరీక్ష టైమింగ్స్‌కే కూర్చునేదాన్ని. 150 ప్రశ్నలు, 150 నిమిషాలు, జిరాక్స్ తీయించుకున్న ఓఎంఆర్. ఏమైనా సరే మధ్యలో లేవకూడదు, అదొక్కటే నియమం. మొదటి ఆదివారం నరకం. మూడో వారం ఒకటి గమనించాను. దడ ఇరవై నిమిషాలు ఉంటుంది, తర్వాత దానంతటదే దిగిపోతుంది. అంతకుముందు అది దిగేదాకా నేనెప్పుడూ కూర్చోలేదు, అంతే. మరీ ఎక్కువైతే నాలుగు అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదిలేదాన్ని. ఊపిరి నిదానంగా వదిలితే గుండె వేగం తగ్గుతుంది, ఇందులో మంత్రమేమీ లేదు. ఇక బబుల్స్ సంగతి: పది దిద్దగానే ప్రశ్న నంబర్, వరుస నంబర్ కలిపి చూసుకునేదాన్ని. ఆ 41 మళ్లీ రాలేదు.

ఇవి అందరికీ సరిపోవు. మా లైబ్రరీలో ఒక అన్నకు వారాల తరబడి నిద్ర లేదు, అన్నం సయించేది కాదు. సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లి మందులు వాడాడు, పరీక్షా రాశాడు. అంతదాకా వస్తే దయచేసి శ్వాస వ్యాయామాలతో కాలక్షేపం చేయకండి. 14416కి ఫోన్ చేస్తే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులో మాట్లాడతారు, ఉచితం, రాత్రయినా సరే.

పరీక్ష రోజు 9.30కి గేట్ మూసేస్తారని 8కే వెళ్లి కూర్చున్నా. హాల్లో నా ముందూ వెనకా బెంచీలు ఖాళీ. దరఖాస్తు చేసినవాళ్లలో సగం మంది కూడా రాలేదని తర్వాత తెలిసింది. ఐదున్నర లక్షలని నేను రాత్రుళ్లు లెక్కపెట్టుకున్న జనమంతా ఏమయ్యారో! మొదటి ఐదు ప్రశ్నల్లో ఒక్కటీ రాలేదు. చెయ్యి వణికింది. పెన్ను పక్కన పెట్టి ఆరుసార్లు ఊపిరి వదిలి, 21వ ప్రశ్న నుంచి మొదలుపెట్టాను. అక్కడ నాకు తెలిసిన ప్రశ్నలు ఆదుకున్నాయి. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి వదిలేసినవన్నీ చివర్లో దిద్దాను.

రెండో రోజు సాయంత్రం నాలుగో పేపర్ అయ్యాక గేటు బయట నిలబడి నేనే అమ్మకు ఫోన్ చేశాను.

"రాసినవా బిడ్డా?"

"రాసినమ్మా. నాలుగూ రాసిన."

"మరి ఏమన్న తిన్నవా?"