సైకాస్ పొలుసు పురుగు: నాలుగో పిచికారీ తర్వాత కూడా

కుండీలో పెంచుతున్న నా సైకాస్ (ఈతచెట్టులా కనిపించే అలంకార మొక్క) మీద, కొత్తగా విచ్చుకుంటున్న ఆకు తొడిమ మొదట్లో తెల్లటి చుక్కలు మళ్లీ కనిపించాయి. నలభై రోజుల శ్రమ వృథా అయిందన్న బాధ ఇంకా తగ్గలేదు.

ఈ చుక్కలు సైకాస్ పొలుసు పురుగు కవచాలు; దాని శాస్త్రీయ నామం ఆలకాస్పిస్ యాసుమత్సుయి. ఆడపురుగు కవచాన్ని సూదిమొనతో లేపినప్పుడు కింద నారింజ రంగు గుడ్లు కనిపించడంతో, మాగ్నోలియా తెల్ల పొలుసు పురుగేమోనన్న అనుమానం తీరింది. మాగ్నోలియా పురుగు గుడ్లు పసుపు రంగులో ఉంటాయి.

గుడ్లు పొదగడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది కనుక, ఒక శాతం మినరల్ ఆయిల్‌ను పది రోజులకొకసారి, సాయంత్రం పూట, ఆకుల అడుగు తడిసేలా నాలుగు విడతలు కొట్టాను. చచ్చిన పురుగు కవచం రాలిపోదు. అందువల్ల చుక్కలను లెక్కపెట్టి లాభం లేదు. ఒక్కొక్కదాన్నీ సూదితో నొక్కి చూస్తే బతికున్నది నారింజ రంగు ద్రవం కారుస్తుంది, చచ్చినది పొడిపొడిగా రాలుతుంది. గుర్తుపెట్టిన ఆకు ఈనెల మీద మొదట 83 కవచాలకు 71 బతికి ఉండగా, నాలుగో విడత తర్వాత రెండే మిగిలాయి. ఆకుల వరకు నూనె బాగా పనిచేసింది.

అయినా 34వ రోజుకు కొత్త ఆకు మొదట్లో 27 బతికున్న పురుగులు తేలాయి. పిల్ల పురుగులు గాలికి కొట్టుకొస్తాయి కానీ, దగ్గర్లో మరో సైకాస్ లేదు. చివరికి కుండీ బోర్లించి చూస్తే, 16 సెంటీమీటర్ల లోతున, కుండీ గోడకు ఆనుకున్న వేరు మీద, ఐదు సెంటీమీటర్ల మేర తొమ్మిది తెల్లటి కవచాలు వరుసగా అంటుకుని ఉన్నాయి. నేలలో 60 సెంటీమీటర్ల లోతు వేళ్ల మీద కూడా ఈ పురుగు బతుకుతుందని చదివి ఉండి కూడా, కుండీ విషయంలో దాన్ని పట్టించుకోకపోవడమే నా పొరపాటు. ఆకుల మీద ఎంత కొట్టినా, కింద ఉన్న ఈ మూలానికి నూనె చుక్క కూడా చేరలేదు.

వేళ్ల నుంచి మొక్క నాళాల ద్వారా పైకి పాకే పురుగుమందు ఇమిడాక్లోప్రిడ్ పోయమని చాలామంది సలహా ఇస్తారు, నేను ఒప్పుకోను. కవచమున్న పొలుసు పురుగులు ఆకు కణాలను ఖాళీ చేస్తాయే తప్ప నాళాల్లోని రసం తాగవు. వీటికి తేనెబంక (రసం పీల్చే పురుగులు విసర్జించే తీపి జిగురు) లేకపోవడానికీ, ఆ మందు సరిగా పట్టకపోవడానికీ కారణం ఇదే. అదే కోవకు చెందినా, నీటిలో ఇంకా బాగా కరిగే డైనోటెఫ్యురాన్ నయమని నా అభిప్రాయం.

ఈ ఆదివారం పాత మట్టినంతా కడిగేసి, వేళ్లను మెత్తటి బ్రష్షుతో తోమి, ముతక ప్యూమిస్‌లో (తేలికైన, బెజ్జాలున్న అగ్నిపర్వత రాతి ముక్కలు) నాటి, వారం తర్వాత డైనోటెఫ్యురాన్ పోస్తాను. ఆకు తొడిమల చుట్టూ రెండు వైపులా అంటుకునే టేపు చుట్టి, ఎక్కివచ్చే పిల్ల పురుగులను రోజూ భూతద్దంతో లెక్కిస్తాను. పొలుసు పురుగులను తినే రైజోబియస్ లోఫాంతే అనే అక్షింతల పురుగును వదలాలని ఉంది కానీ, అది వేళ్ల దాకా దిగదు, పైగా మందు ప్రభావం పోవాలి. అందుకే దాన్ని తర్వాతి విడతకు ఉంచుతున్నాను.