చికానో పార్కులో ఒక ఆదివారం

ఇవాళ నా సహోద్యోగి ఒకామె, వాళ్ల అమ్మమ్మ బతికిన పేట చూపిస్తానని నన్ను కాలిఫోర్నియాలోని శాన్‌డియేగో నగరంలో ఉన్న బారియో లోగన్‌కు తీసుకువెళ్లింది. కరొనాడో వంతెన మీదుగా ఎన్నోసార్లు కారులో వెళ్లాను గాని, దాని కింద చికానో పార్కు ఉందని తెలిసీ ఒక్కసారి కూడా దిగి చూడలేదు. వంతెనను మోసే కాంక్రీటు స్తంభాల నిండా బొమ్మలే: గ్వాడలూపే మాత, ఈకల సర్పదేవుడు, మెక్సికో విప్లవ వీరుడు జపాటా.

1963లో ఫ్రీవే వచ్చి ఈ పేటను చీల్చిందనీ, 1969లో వంతెన తయారైందనీ, ఆ పనుల్లోనే అమ్మమ్మ ఇల్లు పోయిందనీ ఆమె చెప్పింది. వంతెన కింద పార్కు వస్తుందని ఎదురుచూసిన జనానికి, 1970 ఏప్రిల్ 22న హైవే పోలీసుల స్టేషన్ కోసం నేలను చదును చేస్తున్న బుల్డోజర్లు కనిపించాయి. విద్యార్థులు, తల్లులు, పిల్లలు వాటికి అడ్డంగా చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. 12 రోజులు అక్కడే ఉండి, మొక్కలు నాటి, ఆ నేలను దక్కించుకున్నారు. స్తంభాలపై బొమ్మలు 1973 నుంచి మొదలయ్యాయి. అమ్మమ్మ కూడా ఒక మొక్క నాటిందట. ఏ చెట్టో ఇప్పుడు ఎవరికీ గుర్తు లేదు.

చికానో అంటే మెక్సికో మూలాలున్న అమెరికన్, ఆడవాళ్లయితే చికానా. ఆ మాట ఒకప్పుడు తిట్టు. మెక్సికో నుంచి వచ్చిన కూలీలను చులకన చేస్తూ అనేవారు. 1960లలో యువతరం ఆ మాటనే గర్వంగా తలకెత్తుకుంది. అయినా అమ్మమ్మ చివరిదాకా తాను మెక్సికానాననే చెప్పుకుంది, నా సహోద్యోగి తమ్ముడు మెక్సికన్ అమెరికన్‌నంటాడు, ఈమె చికానానంటుంది. "మేం సరిహద్దు దాటలేదు, సరిహద్దే మమ్మల్ని దాటింది" అని వాళ్లలో ఒక మాట ఉంది. 1848 నాటి ఒప్పందంలో మెక్సికో, కాలిఫోర్నియాతో సహా తన భూభాగంలో దాదాపు సగం అమెరికాకు పోగొట్టుకున్న సంగతి దాని వెనుక ఉంది. ఈమె ముత్తాత మాత్రం 1910 విప్లవం తర్వాత సరిహద్దు దాటి వచ్చినవాడే. అయినా ఆ మాట తనదేనంటుంది. మొదట నాకు పొసగలేదు గాని, చికానానని చెప్పుకోవడమంటే ఆ నష్టానికీ ఆ పోరాటానికీ ఇష్టపూర్వకంగా వారసురాలు కావడమని మెల్లగా అర్థమైంది.

సరిహద్దుకు అవతల, మెక్సికోలోని తిహువానాలో ఉండే బంధువులు, స్పానిష్ సరిగా రాదని ఆమెను పోచా అంటారట, అంటే అమెరికాదానివైపోయావని ఎత్తిపొడుపు. ఇక్కడివాళ్లేమో నీది ఏ దేశమని అడుగుతారట. రెంటికీ చెడ్డ రేవడి అన్న మన సామెత నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకంటే ఆమె అప్పుడే "రెండూ నావే" అంది.

బడిలో స్పానిష్ మాట్లాడినందుకు దెబ్బలు తిన్న అమ్మమ్మ, తన పిల్లలకు ఆ భాష నేర్పలేదు. మనవరాలు ఇప్పుడు సాయంత్రం తరగతులకు వెళ్లి నేర్చుకుంటోంది. మా ఇంట్లో తెలుగును ఎవరూ కాదనలేదు, ఎవరూ కొట్టలేదు. అయినా రాత్రి భోజనాల దగ్గర మా అమ్మాయి ఒక్క తెలుగు మాటైనా లేకుండా కబుర్లన్నీ చెప్పి లేచి వెళ్లింది, నేను చాలాసేపు కంచం ముందే కూర్చుండిపోయాను.