ఉత్తరాల రిపోజిటరీ: 3.4 జీబీ నుంచి 8 ఎంబీకి

మొదటి ఆదివారం

తాతయ్య ఉత్తరాలు టైపు చేసి గిట్‌లో (ఫైళ్ల ప్రతి మార్పునూ దాచిపెట్టే ప్రోగ్రాము) పెట్టడం మొదలుపెట్టి ఏడాదైంది. అన్నీ టెక్స్ట్ ఫైళ్లే, మొత్తం 2 ఎంబీ దాటవు. ఈ రోజు చూస్తే గిట్ ఆ చరిత్రంతా దాచే డాట్ గిట్ ఫోల్డరు 3.4 జీబీ! దోషం నాదే. పోయిన నెల 'స్కాన్లు' అనే బ్రాంచిలో (విడిగా నడిపే చరిత్ర శాఖ) భారీ టిఫ్ బొమ్మలు 140 కమిట్ చేశాను, అంటే చరిత్రలో భద్రపరిచాను. మొన్న ఆ బ్రాంచిని తీసేశాను. డిస్కులో మాత్రం ఒక్క ఎంబీ కూడా తగ్గలేదు.

గిట్‌లోని చెత్త ఊడ్చే ఆదేశం 'గిట్ జీసీ' నడిపాను. ఉత్తరాల పాత ప్రతులు విడివిడిగా పడి ఉన్నవి ఒకే ప్యాక్ ఫైల్లో చేరి, తేడాలు మాత్రమే మిగిలాయి. బొమ్మలు కదల్లేదు.

ఇన్నాళ్లూ జీసీ తనంతట తాను ఎందుకు నడవలేదంటే, గిట్ చూసేది బరువు కాదు, లెక్క. విడి ఆబ్జెక్టులు (ప్యాక్‌లో చేరకుండా దాచిన ముక్కలు) సుమారు 6,700 దాటితే కదులుతుంది. అన్నీ లెక్కపెట్టే ఓపిక కూడా దానికి లేదు. అవి సర్ది ఉండే 256 ఫోల్డర్లలో '17' అనే ఒక్కదాన్ని తెరిచి, అందులో 27కు మించి ఉంటే చాలా పోగయ్యాయని అనుకుంటుంది. మా అమ్మ ఒక్క మెతుకు పట్టి అన్నం ఉడికిందో లేదో చెప్పినట్టే. నా దగ్గర 17లో తొమ్మిదే ఉన్నాయి.

రెండో ఆదివారం

బొమ్మలను పట్టుకున్నది రెఫ్‌లాగ్, అంటే నేను ఎప్పుడు ఏ కమిట్ దగ్గర ఉన్నానో గిట్ రాసుకునే చిట్టా. బ్రాంచి పోయినా, నేను దానిలో తిరిగిన అడుగులు హెడ్ (నేను ప్రస్తుతం ఉన్న చోటు) రెఫ్‌లాగ్‌లో 30 రోజులు ఉంటాయి. ఆ తర్వాత కూడా రెండు వారాలు నిండని ఆబ్జెక్టులను జీసీ పారేయదు. పొరపాటున చెరిపినవి తిరిగి తెచ్చుకోవడానికే ఈ గడువు కాబట్టి విసుక్కోలేను.

ముందు ఫోల్డరు మొత్తాన్ని వేరే డిస్కులోకి కాపీ చేశాను. కమిట్ చేయకుండా స్టాష్‌లో పక్కన దాచిన సవరణలను బయటికి తీసి కమిట్ చేశాను. స్టాష్ జాబితా కూడా రెఫ్‌లాగే, దాంతో పాటే తుడిచిపెట్టుకుపోతుంది. ఆ తర్వాత రెఫ్‌లాగ్‌ను తుడిచేసి, గడువు చూడకుండా పారేయమని చెప్పాను:

గిట్ రెఫ్‌లాగ్ ఎక్స్‌పైర్ --ఎక్స్‌పైర్=నౌ --ఆల్
గిట్ జీసీ --ప్రూన్=నౌ

ఫలితం: 3.4 జీబీ. అలాగే ఉంది!

అదే రాత్రి

కాపీలోని రెఫ్‌లాగ్ నుంచి పాత కమిట్ నంబరు తీసుకుని, దాన్ని ఇంకా ఏ పేరు పట్టుకుని ఉందో 'గిట్ ఫర్-ఈచ్-రెఫ్ --కంటైన్స్' అని అడిగాను. ఒకే ఒక్క వరుస వచ్చింది: 'పరీక్ష' అనే ట్యాగు (ఒక కమిట్‌కు తగిలించే పేరు). ఎప్పుడు పెట్టానో గుర్తే లేదు. దాన్ని తీసేసి అదే జీసీ ఆదేశం మళ్లీ నడిపితే 8 ఎంబీ.

టిఫ్‌లు ఇప్పుడు బయటి డిస్కులో ఉన్నాయి. రేపు గిట్ పట్టించుకోకూడనివి రాసే ఇగ్నోర్ ఫైల్లో టిఫ్ పొడిగింపు (ఫైలు పేరు చివరి భాగం) చేర్చాలి.