కొత్త కార్బురేటర్ కొనబోయి ఆగాను

మా కారు 1960ల నాటిది. నాలుగు సిలిండర్లు, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ ఒకటి, ప్లగ్గులకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్, దాని లోపల కాయిల్ కరెంటును తెంచి కలిపే చిన్న స్విచ్ లాంటి పాయింట్లు. స్కానర్ తగిలించి కోడ్ చదివే సదుపాయం దానికి లేదు. చెవి, ముక్కు, ఒక మల్టీమీటర్, అంతే.

దాని జబ్బు ఇది. ఐడ్లింగ్‌లో కుట్టుమిషన్‌లా నడుస్తుంది. రోడ్డెక్కి యాభై వేగంలో నిలకడగా పోతుంటే మాత్రం ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకుని లాగినట్టు జర్కులు. పెడల్ పూర్తిగా తొక్కితే మళ్ళీ బాగానే లాగుతుంది. చూసినవాళ్ళందరిదీ ఒకే మాట: "కార్బురేటర్ అయిపోయిందండీ, మార్చెయ్యండి." నాకూ అదే నిజమనిపించింది.

కానీ నాకు పాత దెబ్బ ఒకటి ఉంది. ఇంతకుముందు ఇదే బండి అరగంట నడిచాక ఆగిపోతుంటే స్పార్క్‌కి కావలసినంత వోల్టేజ్ పుట్టించే కాయిల్, పెట్రోల్ పంపు రెండూ మార్పించాను. తీరా చూస్తే ట్యాంకు మూతకున్న గాలి రంధ్రం మట్టితో పూడుకుపోయి ఉంది. పెట్రోల్ ఖర్చయ్యేకొద్దీ ట్యాంకులోకి గాలి వెళ్ళే దారి లేక వాక్యూమ్ ఏర్పడి, పంపు లాగలేకపోయింది. మూత విప్పగానే ట్యాంకు 'స్‌స్స్' అంటూ గాలి పీల్చుకున్న చప్పుడు ఇంకా నా చెవిలోనే ఉంది. అందుకే ఈసారి ఒట్టు పెట్టుకున్నాను. తప్పు ఎక్కడుందో కళ్ళారా చూసేదాకా ఏ పార్టూ కొనను. ఒకసారికి ఒక్కటే కదిలిస్తాను, కదిలించింది పుస్తకంలో రాస్తాను.

మొదటి రోజే చెయ్యి ఊరుకోలేదు. కార్బురేటర్ మీద ఐడ్లింగ్‌కి పెట్రోల్ పాలు సరిచేసే మిక్స్చర్ స్క్రూ అర చుట్టు విప్పాను. జర్కుల్లో తేడా రాలేదు. పుస్తకంలో రాసి, అలాగే వదిలేశాను.

ముందు సులువుగా తేలేవి చూశాను. బ్యాటరీ 12.6 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా పదికి తగ్గలేదు. కంప్రెషన్ నాలుగు సిలిండర్లలోనూ పది శాతం తేడా లోపే. పంపు పైపు విప్పి సీసాలో పట్టి చూస్తే పెట్రోల్ ధార బాగానే ఉంది. (ఈ పని ఇంజిన్ చల్లబడ్డాకే, కాయిల్‌కి కరెంటు తీసేశాకే చెయ్యాలి.)

ప్లగ్గుల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను. జర్కులొచ్చే వేగంలోనే కొంతదూరం నడిపి, అక్కడికక్కడే ఇంజిన్ ఆపి, బండి పక్కకు తీసుకుని ప్లగ్గులు విప్పాను. పెట్రోల్ ఎక్కువైతే కొనలు నల్లగా మసి పట్టి ఉంటాయి, తక్కువైతే సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. నావి నాలుగూ లేత గోధుమ రంగులో ఉన్నాయి, కవల పిల్లల్లా. కార్బురేటర్ మీద అనుమానం అక్కడే సగం సడలింది.

మిగిలింది కరెంటు వైపు. కాయిల్ ప్రైమరీ 3 ఓమ్‌లు చూపించింది, ఈ రకం కాయిల్‌కి అది సరైనదే. పాయింట్ల గ్యాప్ 0.4 మిల్లీమీటర్లు, అదీ సరిగానే ఉంది. పాయింట్ల మధ్య నిప్పురవ్వలు లేవకుండా కాపాడే కండెన్సర్ పోతే పాయింట్లు కాలి గుంటలు పడతాయి, నావి శుభ్రంగా ఉన్నాయి. అయినా మనసాగక, డబ్బాలో దాచిన పాత కండెన్సర్ ఒకటి వేసి చూశాను. ఏ మార్పూ లేదు. మళ్ళీ అసలుదే బిగించాను.

దారి చూపింది టైమింగ్ లైట్, అంటే క్లిప్పు పెట్టిన వైరులో స్పార్క్ వెళ్ళినప్పుడల్లా మెరిసే దీపం. మామూలుగా దాని క్లిప్పు ఒకటో ప్లగ్ వైరుకు పెడతాం. నేను కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్ మూత మధ్యలోకి వెళ్ళే లావు వైరుకు పెట్టాను. ఐడ్లింగ్‌లో వెలుగు ఎడతెగకుండా కొడుతోంది. రేస్ 2,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచాను. ఇంజిన్ తడబడిన ప్రతిసారీ వెలుగు కూడా ఆగుతోంది! పెట్రోల్ సరిగా రాకపోయినా స్పార్క్ రావాలి కదా. ఇక్కడ స్పార్కే రావట్లేదు.

మరి ఐడ్లింగ్‌లో, ఫుల్ పెడల్‌లో ఎందుకు బాగుంటోంది? ఈ ప్రశ్న మీదే ఒక సాయంత్రం గడిచిపోయింది. ఐడ్లింగ్‌లో లేకుండా, పెడల్ కొంచెం తొక్కితే వచ్చి, పూర్తిగా తొక్కితే పోయేది ఈ ఇంజిన్‌లో ఒకటే ఉంది: డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే సన్నటి గొట్టంలోని వాక్యూమ్. అది లోపల పాయింట్లు కూర్చున్న ప్లేటును కాస్త తిప్పి, స్పార్క్ ముందుగా వచ్చేలా చేస్తుంది. గొట్టం పీకి, కార్బురేటర్ వైపు రంధ్రం మూసి రేస్ ఇచ్చాను. ఒక్క తడబాటు లేదు. తర్వాత ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉండగా ఆ గొట్టం కొన నోట్లో పెట్టుకుని పీల్చాను. చూసేవాళ్ళకి హుక్కా తాగుతున్నట్టే ఉండి ఉంటుంది. పీల్చగానే ఇంజిన్ దగ్గి, ఆగినంత పని చేసింది.

ఇంజిన్ ఆపి డిస్ట్రిబ్యూటర్ మూత తీశాను. బయటి టెర్మినల్ నుంచి పాయింట్లకు వెళ్ళే జానెడు కూడా లేని వైరు, ప్లేటు తిరిగినప్పుడల్లా అటూ ఇటూ వంగుతుంది. పైన తొడుగు చెక్కుచెదరలేదు. రెండు కొనలకీ మల్టీమీటర్ ముళ్ళు ఆనిస్తే 'బీప్' మంది. వేలితో ప్లేటును కొద్దిగా తిప్పాను, బీప్ ఆగింది. వదిలాను, మళ్ళీ మోగింది. వైరును రెండు వేళ్ళ మధ్య వంచి చూస్తే మిగతా అంతా బిగువుగా ఉండి, ఒక్కచోట మాత్రం ఎముక లేనట్టు వాలిపోయింది. అక్కడ తొడుగు చీల్చాను. రాగి పోగులన్నీ తెగి, కొనలు నల్లబడి ఉన్నాయి. ప్లేటు తిరగనంతసేపూ ఆ కొనలు ఒకదానికొకటి తగులుతూ పని నడిపించేస్తున్నాయి.

దాని స్థానంలో సన్నటి పోగులు ఎక్కువగా ఉన్న మెత్తటి వైరు వేశాను. ఇంట్లో దొరికిన మామూలు వైరు వేస్తే గట్టిగా ఉండి ప్లేటును కదలనివ్వదు, కొన్నాళ్ళకి మళ్ళీ అక్కడే తెగుతుంది. పాయింట్ల గ్యాప్, టైమింగ్ ఇంకోసారి సరిచూసి రోడ్డు మీదకి తీశాను. యాభైలో, అరవైలో ఎక్కడా లాగుడు లేదు.

తిరిగొచ్చి ఇంటి ముందు ఆపబోతుంటే ఐడ్లింగ్ కాస్త బరువుగా ఊగుతోంది, పొగలో పెట్రోల్ వాసన. గుండె జారింది. అంటే కార్బురేటర్ కూడానా? పుస్తకం తీసి మొదటి పేజీ చూశాను: 'మిక్స్చర్ స్క్రూ, అర చుట్టు విప్పాను.' స్క్రూడ్రైవర్ తెచ్చి అర చుట్టు బిగించాను.