తుప్పు తుడవబోయాను

ఒసాకా వచ్చి మూడేళ్లయినా, కటానా, అంటే జపాన్ వాళ్ల సంప్రదాయ పొడవాటి కత్తి, గురించి నాకు తెలిసింది దాని పదును, మెరుపు అంతే. నిన్న మా వీధి చివర పాత సామాన్ల కొట్టు తాతగారు ఒక కత్తికున్న వెదురు మేకు తీసి, పిడి ఊడదీసి చూపించారు. లోపల నకాగో, అంటే పిడిలో దాగి ఉండే భాగం, నల్లగా తుప్పు పట్టి ఉంది. "కాస్త రుద్దితే పోతుంది కదండీ" అని గుడ్డ తీశాను. ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకున్నారు!

కత్తి వయసు చెప్పేవాటిలో ఆ తుప్పు ముఖ్యమైనదట. తోమేస్తే సాక్ష్యం చెరిపేసినట్టే. కమ్మరి పేరు చెక్కేదీ అక్కడే. అలాగని పేరు చూసి నమ్మకూడదు. పెద్ద కమ్మరుల దొంగ సంతకాలు వందల ఏళ్లుగా ఉన్నాయి, వాటిని గిమెయ్ అంటారు. అందుకే ముందు ఒంపు, ఉక్కు పొరలు, అంచు వెంట అలలా సాగే హమోన్ అనే చార చూసి, ఆ తర్వాతే సంతకం చూడాలట. కాల్చి నీళ్లలో ముంచే ముందు వెన్ను వైపు మందంగా, అంచు వైపు పల్చగా మట్టి పూస్తారు. ఆ అల అలా పుడుతుంది.

ధర అడిగాను. విన్నాక, కత్తులకు రాసే లవంగ నూనె సీసా ఒకటి కొనుక్కుని ఇంటికొచ్చాను. కత్తి లేదు, నూనె మాత్రం ఉంది.