అమ్మ బీరువాలో వెనీలా సీసా

డాలస్‌లో పుట్టి పెరిగిన మా పన్నెండేళ్ల అమ్మాయికి అమ్మమ్మ చేతిమీదుగా ఆవకాయ పెట్టడం నేర్పించాలన్న పట్టుదలతో, నిరుడు బడికి సెలవులు ఇవ్వగానే, మృగశిర కార్తె రాకముందే హైదరాబాదు చేరేలా టిక్కెట్లు తీసుకున్నాను. అమ్మ కూడా మనవరాలి కోసం ఆఖరి విడత కాయలు మోండా మార్కెట్లో కొట్టించి సిద్ధంగా ఉంచింది. తీరా తార్నాకలోని ఇంట్లో అడుగుపెట్టాక, మా అమ్మాయి ముక్కల వైపు చూడకుండా, తన కోసం మామయ్య కేరళ నుంచి తెప్పించిన వెనీలా కాయల పొట్లం ఎక్కడుందని అడిగింది. అమ్మమ్మకు వచ్చే ఏడు చేసిపెట్టబోయే కేకుకు ఇప్పుడే సొంతంగా వెనీలా సారం తయారుచేయాలట.

నాకు కాస్త కోపమే వచ్చింది. ఇన్ని వేల మైళ్లు వచ్చింది అమెరికా వంటలు చేసుకోవడానికా అన్నాను. బజారులో ఎసెన్సు దొరుకుతుంది కదా, మా చిన్నప్పుడు ఆదివారం కస్టర్డులో అమ్మ వేసింది అదే కదా అని కూడా అన్నాను. అది కాయలోంచి వచ్చిన వాసన కాదనీ, వెనీలా వాసననిచ్చే వెనిలిన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో చేసిందనీ, దానిని 1874లోనే జర్మనీలో పైన్ చెట్టులోని ఒక పదార్థం నుంచి తయారుచేశారనీ మా అమ్మాయి నాకే పాఠం చెప్పింది. నా బాల్యపు పరిమళమని నేను దాచుకున్నది కూడా ఇంటిది కాదని తెలియడం ఏమంత సంతోషంగా అనిపించలేదు.

అసలు చిక్కు వోడ్కా దగ్గర వచ్చింది. వెనీలా సుగంధాన్ని కాయలోంచి లాగాలంటే ఆల్కహాల్ కావాలి. అమెరికా నిబంధనల ప్రకారం వెనీలా సారం అనిపించుకోవాలంటే అందులో కనీసం 35 శాతం ఆల్కహాల్ ఉండాలి, లీటరుకు సుమారు 100 గ్రాముల కాయలు పడాలి. మా తమ్ముడు సందు చివరి వైన్స్ నుంచి, 42.8 శాతమని ముద్రించి ఉన్న 180 మిల్లీలీటర్ల క్వార్టర్ సీసాను పాత పేపరులో చుట్టి, దొంగసొత్తు తెచ్చినట్లు తెచ్చాడు. దేవుడికి నైవేద్యం వండే వంటింట్లోకి అది రాకూడదని అమ్మ ఖండితంగా చెప్పింది. పని హాల్లో, భోజనాల బల్ల మీద జరిగింది.

మా అమ్మాయి 18 గ్రాముల కాయలను తూచి, నిలువుగా చీల్చి, ఉడికించి ఆరబెట్టిన సీసాలో వేసి వోడ్కా పోస్తున్నంతసేపూ అమ్మ దూరంగా కూర్చుని చూసింది. కాయల కొసలు పైకి తేలి ఉండటం కనిపించగానే మాత్రం ఆగలేకపోయింది. "ముక్క మునగాలమ్మా, తేలితే బూజు పడుతుంది" అంటూ లేచి వచ్చి, కాయలను సగానికి కోయించి, మునిగేలా సర్దించింది. నూనె తేలని ఆవకాయ జాడీని ఆమె ఎన్నడూ సహించలేదు. ఇక్కడ నూనెకు బదులు వోడ్కా, అంతే తేడా. తడి చెయ్యి తగలకూడదు, మూత గట్టిగా ఉండాలి, ఎండ పడకూడదు అని ఆమె చెప్పిన నియమాలన్నీ అమ్మాయి అప్పటికే చదివి ఉన్నవే.

మర్నాడు ఆవకాయ కలుపుతుంటే అమ్మాయి పిలవకుండానే వచ్చి కూర్చుంది. పచ్చి వెనీలా కాయకు వాసనే ఉండదనీ, వేడినీళ్లలో ముంచి, కంబళ్లలో చుట్టి చెమట పట్టించి, నెలల తరబడి ఆరబెడితే గాని పరిమళం రాదనీ వచ్చీరాని తెలుగులో అమ్మమ్మకు వివరించింది. మెక్సికో నుంచి తెచ్చిన తీగ హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో పూసినా కాయడం లేదని, 1841లో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస బాలుడు చిన్న పుల్లతో, బొటనవేలితో పువ్వుకు పరాగసంపర్కం చేసే పద్ధతి కనిపెట్టాడని చెప్పినప్పుడు, అమ్మ ఆవపిండి కలపడం ఆపి, "నీ ఈడువాడేనా! వాడికి ఏమిచ్చారు?" అని అడిగింది. పేదరికంలోనే పోయాడని విని చాలాసేపు మాట్లాడలేదు. అమెరికా వంట అని నేను కొట్టిపారేసింది ఎన్ని సముద్రాలు దాటి వచ్చిందో నేనూ అప్పుడే విన్నాను.

వెనీలా ఊరడానికి కనీసం రెండు నెలలు, బాగా రావాలంటే ఆరు నెలలు పైనే పడుతుంది కాబట్టి సీసాను అమ్మకే అప్పగించి వచ్చాము. ఇనుప బీరువాలో, పట్టుచీరల అడుగున చీకటి అరలో దానికి చోటు దొరికింది. వారానికోసారి ఫోనులో మనవరాలికి చూపిస్తూ అమ్మ దానిని కదిపేది. రంగు తేనె నుంచి కాఫీ డికాక్షన్ వైపు తిరిగిందని ఆమే చెప్పేది.

డిసెంబరులో హైదరాబాదు నుంచి వచ్చిన బంధువుల సామానులో ఆవకాయ పొట్లాలతో పాటు ఆ సీసా కూడా పాత చీర ముక్కలో చుట్టుకుని వచ్చింది. దానిమీద కాగితం అంటించి, "జూన్ 9న ఊరవేసినది. తడి చెయ్యి వద్దు" అని అమ్మ రాసింది. తెలుగు చదవమంటే ముఖం చిట్లించే మా అమ్మాయి దానిని వేలు పెట్టి, ఒక్కో అక్షరమే కూడబలుక్కుని చదివి, "ఊర అంటే ఏ ఊరు, హైదరాబాదా?" అని అడిగింది.